కరెంటు పోయినా ఆగని మిషను

ఇళ్ళలో చిన్న సీఎన్సీ మిషన్లు కట్టుకునే కుర్రాళ్ళు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. కంప్యూటరులో గీసిన బొమ్మను చెక్క మీదో, మెత్తని లోహం మీదో అచ్చంగా చెక్కిపెట్టే మిషన్లవి. పాత కంప్యూటరు తీసేసి కొత్తది పెడదామనుకుంటున్నాం, మోటార్లను నడిపే కంట్రోలర్ కూడా మారుద్దామనుకుంటున్నాం, ఏది కొనమంటారని అడుగుతారు. నేను టెక్కలి దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయినవాణ్ణి. కంప్యూటర్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అయినా వస్తారు. పలాసలో జరిగింది ఎవరో వాళ్ళకి సగం చెప్పి ఉంటారు, మిగతా సగం నా నోటితో వినాలని వస్తారు. ఎన్నిసార్లు చెప్పినా ఒకచోటికి వచ్చేసరికి చెప్పడం ఆపేస్తాను. అందుకే ఈసారి రాసిపెడుతున్నాను.

రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల మాట. పలాసలో నాకొక బావ ఉండేవాడు. చుట్టరికమేమీ లేదు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. మా ఫ్యాక్టరీ వెనక పారేసిన పాత బేరింగుల కోసం ఒకరోజు టెక్కలి వచ్చాడు. గేటు దగ్గర నేనెవరో తెలియకుండానే, "బావా, ఆ ఇనప ముక్కలు మీకు పనికొత్తాయేటి" అని అడిగాడు. మా వైపు అలా పిలిచాక ఇక బావే. ఆయన భార్య నాకు చెల్లెలయింది, నేను ఆవిడకి అన్నయ్యనయ్యాను. ఆ తరవాత ఆదివారాలు బస్సెక్కి పలాస పోవడం, వాళ్ళింట్లో చేపల పులుసు తినడం, సాయంత్రం దాకా ఆయన షెడ్డులో కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

ఆ షెడ్డులో ఆయన మిషను కడుతున్నాడు. విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగి తెచ్చిన మోటార్లు, మా ఫ్యాక్టరీ బేరింగులు, మరలు తీసిన పొడుగాటి ఇనప కడ్డీలు. మంచమంత బల్ల మీద ఒక వంతెనలాంటిది అటూ ఇటూ జరుగుతుంది. దానికి వేలాడుతూ చెక్కను కోసే వేగమైన మోటారు, ఆ మోటారు చివర పదునైన బిట్టు. ఇంతే మిషను. కానీ ఆయన దాని చుట్టూ తిరుగుతుంటే, కొత్త ఇంజనుకి రంగు వేయించుకుంటున్నవాడిలా ఉండేది.

ఎందుకంత పిచ్చి అంటే, దానికొక కారణం ఉంది. చెల్లెమ్మ చాలా ఏళ్ళు కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆవిడ వేళ్ళ చివర్లు నల్లగా, గరుకుగా, పొరలు లేచి ఉండేవి. రేషను దగ్గర రిజిస్టరులో వేలిముద్ర వెయ్యమంటే సరిగ్గా పడేది కాదు. మన ఉద్దానంలో పండే చిన్న పిక్కకి సరిపోయే బ్లేడ్లతో, నూనె చేతిమీద చిందకుండా అడ్డు మూతతో చిన్న చేతి కట్టరు తయారుచెయ్యాలని బావ ఆశ. బజారులో దొరికేవాటి బ్లేడ్లు పెద్ద పిక్కలకి చేసినవి, మన పిక్క వేస్తే లోపల పప్పు ముక్కలైపోయేది. బ్లేడు పోత పొయ్యాలంటే ముందు చెక్కతో నమూనా కావాలి. ఆ వంపు ఉలితో చెక్కితే కుదరడం లేదు. అందుకని మిషను. దాంతో వ్యాపారం చెయ్యాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

బావకి భయం కూడా ఎక్కువే. రైల్వేలో తోటి ఫిట్టరు చెయ్యి నలిగిపోవడం కళ్ళతో చూసినవాడు. షెడ్డులో మిషను చుట్టూ నేలమీద సున్నంతో గీత గీశాడు. మిషను నడుస్తుంటే ఆయన తప్ప ఎవరూ ఆ గీత దాటకూడదు. నేను దాటినా ఊరుకునేవాడు కాదు. చెల్లెమ్మకి చెక్కపొట్టు చూస్తే చిరాకు, చీపురు పట్టుకుని వచ్చేసేది. అందుకని ఆవిడకి ఒక కట్టుబాటు పెట్టాడు. "కరెంటున్నంతసేపూ గీత దాటకు. పోయినప్పుడు నీ ఇట్టం." పలాసలో ఆ రోజుల్లో కరెంటుకి రావడం పోవడం తప్ప వేరే పనుండేది కాదు. కరెంటు పోగానే ఆవిడ చిన్న బ్రష్షు పట్టుకుని వచ్చి, బల్ల మీద, బిట్టు కింద, కడ్డీల సందుల్లో పేరుకున్న చెక్కపొట్టంతా దులిపేసేది. కరెంటు వచ్చే వేళకి అంతా శుభ్రంగా ఉండేది. వచ్చినా భయం లేదు. పాత కంప్యూటరు మళ్ళీ మొదటినుంచీ లేచి, బావ వెళ్ళి కూర్చుని చెప్తే తప్ప మిషను కదిలేది కాదు.

ఆ పాత కంప్యూటరే అసలు తలనొప్పి. ప్రింటరు తగిలించే పొడుగాటి సాకెట్లోంచి తీగలు లాగి మోటార్లకి కలిపాం. మోటారు ఎంత తిరగాలో కంప్యూటరే ఒక్కొక్క తోపూ, అంటే మోటారుని వెంట్రుకంత తిప్పే ఒక్కొక్క కరెంటు దెబ్బా, లెక్కపెట్టి పంపాలి. మధ్యలో దానికి వేరే ఆలోచన వస్తే, అంటే లోపల ఇంకో పని మొదలైతే, రెండు మూడు తోపులు మింగేసేది. వంపు అక్కడినుంచి వెంట్రుకవాసి పక్కకి జరిగిపోయేది. బావ ఆ చెక్కను వెలుతురుకి పెట్టి చూసి, ఏమీ అనకుండా పొయ్యి దగ్గర పడేసేవాడు. ఇక దాని హార్డుడిస్కు రంపంలా కూయడం మొదలెట్టాక మార్చక తప్పలేదు.

కొత్త కంప్యూటరు బావమరిది కట్టి ఇచ్చాడు. చెల్లెమ్మకి తమ్ముడు, కాశీబుగ్గలో చిన్న కంప్యూటరు సెంటరు నడిపేవాడు. మంచి పనివాడు, నవ్వు మొహం. కొత్త కంప్యూటర్లకి ఆ పొడుగాటి సాకెట్టే లేదు. అందుకని బెంగుళూరు నుంచి ఒక కంట్రోలర్ తెప్పించాం. అరచేతి వెడల్పు పచ్చ కార్డు. కంప్యూటరు బొమ్మ అందిస్తే చాలు, తోపులు లెక్కపెట్టే పని ఆ కార్డు చూసుకుంటుంది, ఇక మింగడం ఉండదు. కార్డునుంచి మోటార్లకి తీగలు కలపడం, చెక్కను కోసే మోటారుకి, కార్డు చెప్తే కరెంటు కలిపే చిన్న స్విచ్చు, రిలే, పెట్టడం నా వంతు. మొదటిసారి నడిపినప్పుడు ఆ వంపు ఎంత నున్నగా వచ్చిందో చెప్పలేను. బావ దాన్ని బొటనవేలితో నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.

ఒక్కటే మిగిలింది. ఒక నమూనా చెక్కడానికి మధ్యాన్నం దాకా పట్టేది. మధ్యలో కరెంటు పోతే కంప్యూటరు ఆగిపోయి, ఎక్కడిదాకా కోసిందో లెక్క పోయేది. మంచి చెక్క పాడయ్యేది. బావ పడే బాధ చూడలేక బావమరిది తన సెంటర్లోంచి ఒక యూపీయస్ తెచ్చి, కంప్యూటరూ కంట్రోలర్ కార్డూ దానికి తగిలించాడు. కరెంటు పోయినా ఈ రెండూ పావుగంట బతికే ఉంటాయి. పెద్ద మోటార్లు లాగే బలం దానికి లేదు కాబట్టి అవి గోడ ప్లగ్గు మీదే ఉంచాడు. నేను ఆదివారం వెళ్ళేసరికి అంతా అమర్చేసి ఉంది. చూశాను. బాగుందన్నాను. ముగ్గురం బాగుందనే అనుకున్నాం.

ఆ ఆదివారం గురించే నేను చెప్పాల్సింది.

పొద్దున్నే పని మొదలైంది. మంచి టేకు ముక్క. బ్లేడు వంపు సగానికి పైగా వచ్చింది. ఎండ బాగా ఎక్కాక ఫ్యాను నెమ్మదించి ఆగింది, బల్బు ఆరింది, మిషను ఉన్నచోట ఉన్నట్టు నిలిచిపోయింది. కానీ కంప్యూటరు ఆగలేదు. తెర వెలుగుతూనే ఉంది. అందులో అంకెలు గబగబా మారుతూనే ఉన్నాయి. బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సూడు బావా, ఆగనేదు," అన్నాడు. వాడి మొహం పండగలా ఉంది. నేను, బావ కూడా వెళ్ళి వాడి వెనక నిలబడి ఆ అంకెలే చూస్తున్నాం. ముగ్గురి వీపులూ మిషను వైపు ఉన్నాయి.

అప్పుడు బావకి ఏదో తట్టింది. "అక్కడ మోటారు తిరక్కుండా ఇక్కడ లెక్కెలాగ నడుత్తాది," అని నెమ్మదిగా అని, మౌసు మీదికి చెయ్యి చాచాడు.

ఫ్యాను తిరగడం వినబడింది. దానితోపాటే కోసే మోటారు అరుపు.

నేను వెనక్కి తిరిగేసరికి చెల్లెమ్మ సున్నం గీతకి లోపల ఉంది. చేతిలో బ్రష్షు. వంతెన ఒక్కసారిగా పక్కకి దూకింది. కంట్రోలర్ అక్కడ తోపులు పంపుతూనే ఉంది కదా, కరెంటు రాగానే మోటార్లు అందుకున్నాయి. రిలే కూడా ఆ కార్డు బలం మీదే మూసుకుని ఉండిపోయింది, అందుకే కోసే మోటారు తనంతట తాను తిరిగింది. ఇదంతా తరవాత అర్థమైన సంగతి. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే. ఆవిడ కుడి చెయ్యి బిట్టు కింద ఉంది.

బావ మౌసు నొక్కుతూనే ఉన్నాడు. నేను తలుపు పక్కన మెయిన్ స్విచ్చు కిందికి లాగాను. నా కాళ్ళు అక్కడికి ఎలా వెళ్ళాయో నాకు తెలియదు, ఫ్యాక్టరీలో అలవాటు పడ్డ ఒళ్ళు దానంతటది కదిలింది. మిషను ఆగింది. యూపీయస్ మాత్రం కీచుమని కూస్తోంది, తెరమీద అంకెలు ఇంకా మారుతున్నాయి.

చెల్లెమ్మ అరవలేదు. చేతిని మొహం దగ్గరికి తెచ్చుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసింది. తరవాత భర్తవైపు చూసి, "కరెంటు పోయింది కదా," అంది.

ఆ ఒక్క మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. అందులో నొప్పి లేదు, కోపం లేదు. తనేం తప్పు చేసిందో అర్థం కాక అడిగినట్టుంది. ఆ మాటకి బావ రంగు పోయి గోడలా అయిపోయాడు. బావమరిది భుజం మీద తువ్వాలు తీసి అక్క చెయ్యి చుట్టాడు. తువ్వాలు చూస్తుండగానే ఎర్రగా అయిపోయింది.

పలాసలో డాక్టరు కట్టు కట్టి శ్రీకాకుళం తీసుకెళ్ళమన్నాడు. జీపులో ఆవిడ మధ్యలో కూర్చుంది. నందిగాం దాటాక ఒకసారి, పొయ్యి మీద అన్నం మాడిపోతుందేమో అంది. అక్కడ ఆపరేషను చేసి చూపుడు వేలు నడిమి కణుపు దాకా తీసేశారు. మధ్యవేలు నిలిచింది గానీ ఇక వంగదన్నారు.

ఆసుపత్రి వరండాలో బావ గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు తిరిగాడు. "నానే సెప్పినాను బావా. కరెంటు పోతే ఎల్లొచ్చని నానే సెప్పినాను." ఆయన చెప్పిన మాట ఆవిడ అక్షరాలా పాటించింది. ఆవిణ్ణి కాపాడటానికి పెట్టిన కట్టుబాటే ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆ బిట్టు కింద నిలబెట్టింది. కరెంటు పోతే మిషను చచ్చినట్టే అన్నది పాత కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ నిజం. యూపీయస్ తగిలించిన రోజునుంచి అది నిజం కాదు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు, ఆవిడకి ఎవరు చెప్తారు?

తిరుగు బస్సులో నాకు ఇంకో సంగతి తట్టింది. మా ఫ్యాక్టరీలో రాయి కోసే ప్రతి మోటారుకీ స్టార్టరు ఉంటుంది. కరెంటు పోతే అది ఊడిపోతుంది. కరెంటు మళ్ళీ వచ్చినా మోటారు తిరగదు, మనిషి వచ్చి పచ్చ బొత్తాం నొక్కాలి. నేను రోజూ చూసేవి, రోజూ బాగుచేసేవి అవే. అయినా బావ షెడ్డులో అలాంటిదొకటి ఉండాలని నాకు తోచనే లేదు. ఎందుకంటే అక్కడికి నేను సెలవు రోజున వెళ్ళేవాణ్ణి. అది నా కళ్ళకి మిషను కాదు, బావగారి సరదా. రాయిని కోసేది ప్రమాదం, చెక్కను కోసేది ఆట అనుకున్నాను. ఇప్పుడు మీ కుర్రాళ్ళు నా దగ్గరికి తెచ్చే ఫోటోల్లో, పుస్తకాల అలమరా పక్కన, మంచం పక్కన పెట్టుకున్న మిషన్లు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

తరవాత నెలల్లో ఆ ఇల్లు మారిపోయింది. బావమరిది మొహం చూపించలేక అక్క ఇంటికి రావడం మానేశాడు. సెంటర్లో కలిస్తే, యూపీయస్ నేను తేకపోతే బాగుండేదన్నా అని అదే మాట తిప్పితిప్పి అనేవాడు. ఆవిడ కోలుకుంది. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది, మిగిలిన వేళ్ళతో కూర తరగడం నేర్చుకుంది. బావే కోలుకోలేదు. మిషను మీద టార్పాలిన్ కప్పి షెడ్డుకి తాళం వేశాడు. భార్య చెయ్యి కనబడితే తల తిప్పుకునేవాడట. ఒకే ఇంట్లో ఉండి ఆవిడతో మాట్లాడటం కూడా దాదాపు మానేశాడట. ఈ మాటలు ఆవిడే నాకు ఫోనులో చెప్పింది. నేను వెళ్తే ఆయన వీధిలోకి వెళ్ళిపోయేవాడు. నేనూ వెళ్ళడం తగ్గించాను.

ఒకరోజు ఫ్యాక్టరీకి ఫోను చేసింది. "అన్నియ్యా, ఆయన మిషను పాత సామాన్లోడికి ఇచ్చేత్తానంతన్నాడు. నువ్వు రా," అంది. ఆయన్ని ఆపమని పిలుస్తోందో, అమ్మడానికి సాయం రమ్మంటోందో నాకు అర్థం కాలేదు. వెళ్ళాను.

వెళ్ళేసరికి షెడ్డు తాళం తీసి ఉంది. ఆవిడే తీసింది. నన్ను మిషను ముందు నిలబెట్టి, ఆ రోజు అదెలా తిరిగిందో చెప్పమంది. ఇన్ని నెలల్లో మేం ముగ్గురం ఎవరికి వారం లోలోపల లక్షసార్లు చెప్పుకున్నాం గానీ, వేలు పోగొట్టుకున్న మనిషికి ఎవరం చెప్పలేదన్న సంగతి అప్పుడు తెలిసి సిగ్గుతో తల వాలిపోయింది. తీగ తీగా చూపించి చెప్పాను. ఇది కంప్యూటరు, ఇది కార్డు, ఈ రెండూ ఈ యూపీయస్ వల్ల బతికున్నాయి, ఆ మోటార్లు గోడ కరెంటు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆవిడ అంతా వింది.

"అయితే ఆ రోజు అది సచ్చిపోనేదు. నిద్దరోయింది," అంది.

అవునన్నాను. దాన్ని మనిషి చెప్తే తప్ప లేవకుండా చెయ్యొచ్చా అని అడిగింది. చెయ్యొచ్చు, మా ఫ్యాక్టరీలో ప్రతి మోటారుకీ ఉంటుందన్నాను. అయితే పెట్టమంది. ఎందుకమ్మా, వదిలెయ్యమన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది. "ఇది ఇలాగే అమ్మేత్తే ఇంకెవులింట్లోనో తిరుగుతాది. ఇక్కడ మూసేత్తే ఈయన దీని కింద ఉండిపోతాడు. పెట్టు," అంది.

ఆ వారంలోనే స్టార్టరులో ఉండేలాంటి కాంటాక్టరు స్విచ్చు ఒకటి, పచ్చ బొత్తాం, ఆపడానికి పుట్టగొడుగులా పైకి ఉబ్బిన ఎర్ర బొత్తాం తెచ్చి పెట్టాను. గోడనుంచి మోటార్లకి వెళ్ళే కరెంటంతా ఆ కాంటాక్టరులోంచే పోవాలి. కరెంటు పోతే ఊడుతుంది, నొక్కితేనే పట్టుకుంటుంది. కరెంటు పోయిందన్న కబురు కంట్రోలర్ కార్డుకి కూడా అందేలా ఒక తీగ కలిపాను, అప్పుడు అది కూడా తోపులు పంపడం ఆపేస్తుంది. యూపీయస్ తియ్యలేదు. లెక్క పోకుండా చూసే పని దానిది, అది చెయ్యనీ. బిట్టు తీసేసి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, మెయిన్ దించి ఎత్తి పదేపదే చూశాను. ప్రతిసారీ టక్కుమని ఊడింది. ఒక్కసారి కూడా దానంతటది లేవలేదు.

బావ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గుమ్మం దాటలేదు. బల్ల మీద ఆ రోజు సగం కోసిన టేకు ముక్క అలాగే బిగించి ఉంది, దాని మీద మరక ముదిరి నల్లబడింది. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని ముట్టుకోలేకపోయాడు. చెల్లెమ్మ బిగింపులు విప్పి దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేసింది. కొత్త ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, బిగించమని భర్తతో చెప్పింది. ఆయన కదలకపోతే నేను బిగించాను, బిట్టు తగిలించాను. ఆవిడ కోసం, ఒక్కసారి నడిపి ఆపేద్దామనుకున్నాను. పచ్చ బొత్తాం నొక్కాను. మిషను మొదలైంది. బావ గుమ్మం చెక్కని పట్టుకున్నాడు.

కాసేపటికి కరెంటు పోయింది. పలాసలో పోకుండా ఎప్పుడుంది గనక. టక్కుమని కాంటాక్టరు ఊడిన చప్పుడు నేను విన్నాను. తెరమీద అంకెలు ఆగిపోయాయి. అంతా సవ్యంగా ఉంది. మెయిన్ దించుదామని తలుపు పక్కకి వెళ్ళాను.

వెనక్కి చూసేసరికి చెల్లెమ్మ బ్రష్షు పట్టుకుని గీత దాటింది. దాటి, బల్ల మీద పొట్టు దులపడం మొదలెట్టింది. వేలు తెగిన ఆ చెయ్యే. బిట్టు కిందే.

బావ నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, అది మాట కాదు. ఒక్క అంగలో వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయాడు. ఆవిడ లాగనివ్వలేదు. ఎడమచేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని, తన చేతి పక్కనే బల్ల మీద ఆనించింది. నేను మెయిన్ పిడి మీద చెయ్యి వేశాను. ఆవిడ తల ఎత్తకుండానే, "దించకు అన్నియ్యా. ఉండనీ," అంది.

నేను దించి ఉండాల్సింది. మీరెవరైనా అలాంటిచోట ఉంటే దించెయ్యండి, ఎవరు ఏమన్నా వినకండి. నా అమరిక మీద నాకు నమ్మకముంది. కానీ నమ్మకం మీద మనుషుల చేతులు పెట్టకూడదని ఆ రోజుకి నాకు బాగా తెలుసు. అయినా పిడి మీద నా చెయ్యి బిగుసుకుపోయింది. దించలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ గొంతులో ఏదో ఉంది.

ఎంతసేపు నిలబడ్డామో. షెడ్డులో ఉక్కగా ఉంది. బావ మొహం నిండా చెమట, ఆయన కళ్ళు బిట్టు మీదే ఉన్నాయి. ఇన్ని నెలల తరవాత భార్య చెయ్యి ఆయన చేతికి అంటుకుని ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి ఇప్పుడు దారి లేదు.

బల్బు వెలిగింది. ఫ్యాను కదిలింది. మిషను కదల్లేదు. బిట్టు కదల్లేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల మీద ఆ రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

బావ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బల్ల అంచుకి నుదురు ఆనించి ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవని మనిషి, ఆ రోజు వీధిలోకి వినబడేలా ఏడ్చాడు. చెల్లెమ్మ ఆయన్ని ఊరడించలేదు. మిగిలిన పొట్టు దులిపి, గీత బయటికి వచ్చి నిలబడి, "లెగు. సగం పనుండిపోయింది. నువ్వు నొక్కు," అంది. చాలాసేపటికి లేచాడు. వచ్చి పచ్చ బొత్తాం నొక్కాడు.

కట్టరు ఆ ఎండాకాలానికి తయారైంది. పలాస నుంచి సోంపేట దాకా కొన్ని ఊళ్ళలో, ఇళ్ళలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు కొన్నాళ్ళు వాటితోనే పనిచేశారు. తరవాత పెద్ద మిషన్లు వచ్చాయి, చేతి కట్టర్లు అటకెక్కాయి. బావమరిది మళ్ళీ ఇంటికి రావడం మొదలెట్టాడు. కొన్నేళ్ళకి బావ పోయాడు, మంచం పట్టకుండా, పనిచేస్తూ చేస్తూ.

ఆయన పోయాక ఒకసారి వెళ్ళినప్పుడు చెల్లెమ్మని అడిగాను. ఆ రోజు బల్ల మీద చెయ్యి పెట్టినప్పుడు నేను పెట్టినదాని మీద నీకంత నమ్మకమా అని. మనసులో కొంచెం గర్వంగానే అడిగాను.

ఆవిడ నవ్వలేదు. "నమ్మకమేటి అన్నియ్యా. నిలువునా వొణికిపోయినాను. ఆయన సెయ్యి కూడా నా సేతి పక్కనుంది. అది తిరగనేదా, మంచిది. తిరిగిందా, ఇద్దరివీ పోతాయి, అప్పుడింక ఆయన నా సెయ్యి సూడకుండా తల తిప్పుకోడానికి ఉండదు. ఆ రోజు నాకు ఏదైనా ఒకటే."